మూడంకెల లారీ

గేటు ముంగట ఈరయ్య ఇయ్యాల గూడ అక్కడనే ఉన్నడు. లారీ ముంగటి చక్రం పక్కన మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిచ్చి, గిన్నెల బియ్యం కడుగుతున్నడు. ఫ్యాక్టరీ బస్సు దిగిన అష్రఫున్నీసాకు ఆయనను చూడంగనే పానం కలుక్కుమన్నది. శనివారం చూసింది, నిన్న చూసింది. ఆయన వెనక వచ్చిన లారీలు సిమెంటు ఎత్తుకొని ఎప్పుడో ఊర్లు దాటినయి. ఈయన మాత్రం అదే పొయ్యి, అదే గిన్నె.

"ఏంది కాకా, ఇంకా నంబరు రాలే?"

"యాడ బిడ్డా! పొద్దుగాల గేటుకు కాయితం అతికిస్తరు గద, అండ్ల నా లారీ అట్టడుగుల ఉంటది. పొద్దుమూకే యాళ్లకు జర పైకి వస్త. తెల్లారితే మల్ల అడుక్కే. గేటు కాడి బిచ్చయ్య చెయ్యి తడపాలె అంటున్నరు అందరు. పోయి అడిగితే ఆయన కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. నా చేతుల ఏం లేదు ఈరయ్యా, అంతా గా మిషన్ చేసే పనే అంటడు. మిషన్‌కు నా మీద పగేముంటది చెప్పు?"

ఈరయ్యది బొంరాస్‌పేట. లారీ మాత్రం కర్ణాటకల సేడం ఊరి సేటుది, దాన్ని ఇంకా మైసూరు రాష్ట్రం అన్ననాటి నంబరు బండి, ముసలి బండి. ఇన్ని దినాలు ఒక్క ట్రిప్పుకే పోతే సేటు వేరే డ్రైవరును చూసుకుంటడని ఆయన పరేషాన్.

"నేనడుగుత కాకా," అని అష్రఫ్ గేటు దాటింది. అడుగుడేమున్నది, ఆ మిషన్ ఉన్న గదిలనే ఆమె కొలువు.

తాండూరు అవుతల ఉన్న కాగ్నా సిమెంట్స్ ఫ్యాక్టరీల చెట్లు, గోడలు, మనుషుల కనుబొమ్మలు అన్నిటి మీద దుమ్మే. ఒక్క కంప్యూటర్ గదిల తప్ప. అండ్లకు ఎవరు పోవాలన్నా చెప్పులు బయట ఇడవాల్సిందే. పెద్ద మేనేజర్ శంకరప్ప గూడ మేజోళ్ల మీదనే వస్తడు. కుడికాలు మేజోటికి చిల్లు పడి బొటనవేలు బయటికి చూస్తుంటది. దాన్ని చూసి నవ్వాపుకునుడు ఆ గదిల పనిచేసే ఇద్దరికి అలవాటైపోయింది. ఆ ఇద్దరు ఎవరంటే, ఒకరు వికారాబాద్ నుంచి పొద్దుగాల పాసింజర్ ఎక్కి వచ్చే అష్రఫ్. ఇంకొకరు తాండూరు పోరడే, సుధాకర్. మిల్లులకు ఎంత సున్నపురాయి పడాలె, ఎంత మట్టి పడాలె అని లెక్క తీసే ప్రోగ్రాం అష్రఫ్ రాసింది. ఏ లారీ ఎప్పుడు లోపలికి పోవాలె అని వరుస కట్టే ప్రోగ్రాం సుధాకర్ రాసిండు.

"సుధాకర్, గేటు కాడ సేడం లారీ ఒకటి దినాం కిందికి పోతున్నదంట, జర చూడు," అన్నది అష్రఫ్ కూసుంటనే.

"డ్రైవర్లు అట్లనే అంటరు మేడం. అందరికి ముందే పోవాలె." తెర మీది నుంచి తల తిప్పకుంటనే అన్నడు.

ఇంకేమో అనబోయింది గని, అప్పుడే తలుపు తెరుచుకున్నది. ముందు శంకరప్ప బొటనవేలు, వెనక శంకరప్ప, ఆయన వెనక సన్నటి మనిషి ఒకాయన. ఆ సన్నటాయన బూట్లు ఇప్పి, రెండు చక్కగ జోడు కలిపి పెట్టి మరీ లోపలికి వచ్చిండు.

"ఏనమ్మా అష్రఫ్, ఏనప్పా సుధాకర్," అన్నడు శంకరప్ప. కన్నడం కలవకుంట ఆయనకు మాట రాదు. "ఈయన ఏసుదాసుగారు. హైదరాబాదు నుంచి పంపిండ్రు. మన ప్రోగ్రాములు ఎట్లున్నవి, వాటిని మీరు ఎంత అర్థం చేసుకుంటరు, పరీక్ష చేస్తరు. పైన ఏమంటున్నరంటే, ఈ గదికి ఇద్దరెందుకు, ఒక్కరు చాలు అంటున్నరు."

గది చల్లగనే ఉంటది ఎప్పటికి. అష్రఫ్‌కు అప్పుడు ఇంకింత చలి పెట్టింది.

ఏసుదాసు మాట మెత్తన. "కంగారు పడకండి. తను రాసింది ఎవరికైనా తెలుస్తుంది. ఇంకొకరు రాసింది చదివి అర్థం చేసుకోవడంలోనే అసలు తెలివి బయటపడుతుంది. కాబట్టి ఈవిడ ప్రోగ్రాం మీరు తీసుకోండి, మీది ఆవిడకు ఇవ్వండి. చెరొక చిన్న మార్పు చెబుతాను. గురువారం భోజనాల వేళకు చేసి చూపించండి. అంతే."

న్యాయంగనే అనిపించింది అష్రఫ్‌కు. ఆ మాట అబద్ధం కాదు, ఆమెకు లోపల కొంచెం సంబరం గూడ అయింది. చదువుడు అంటే ఆమెకు భయం లేదు. సుధాకర్‌కు ఇచ్చిన పని, రాయి లెక్కల కొత్త గని రాయిని గూడ కలుపుడు. ఆమెకు ఇచ్చింది, ఫ్యాక్టరీ సొంత లారీలకు వేరే వరుస కట్టుడు.

సుధాకర్ ఆ దినమే, మంగళవారం పగటి బువ్వ యాళ్లకే చేసేసిండు.

ఎందుకు చెయ్యడు! అష్రఫ్ రాసే పద్ధతే అట్లాంటిది. ప్రతి ముక్క నెత్తి మీద ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు మాట ఒకటి రాసి పెడతది. మిషన్ ఆ మాటను పట్టించుకోదు, మనిషి కోసమే అది. 'తడి రాయి తూకం నమ్మొద్దు, ముందు తేమ తీసెయ్.' 'ఇక్కడ మట్టి ఎక్కువైతే బట్టీ మొరాయిస్తది.' రాయికి రాయి అనే పేరు, మట్టికి మట్టి అనే పేరు. కొత్త గని రాయిని ఎక్కడ పెట్టాల్నో అదే పిలిచి చెప్తది. సుధాకర్ పాత రాయి పక్కకు కొత్త రాయిని పెట్టిండు, మిషన్ ఒప్పుకున్నది, అయిపోయింది. ఏసుదాసు గడియారం చూసుకొని తల ఊపిండు. సుధాకర్ మొఖంల వెలుగే వెలుగు.

మరి అష్రఫ్ ముంగట ఉన్నదేంది? బారెడు కాయితం. గీతల కాయితం, మడతలు మడతలు, రెండు దిక్కుల చిల్లులు. దాన్ని నేల మీద గోడ నుంచి గోడ దాక పరిచి, చున్నీ నడుముకు చుట్టి, మోకాళ్ల మీద కూసున్నది. లారీకి ఏం పేరు పెట్టిండు? ఎక్స్. తేదీకి? ఎక్స్ ఎక్స్. వరుసకు? ఎక్స్ ఎక్స్ ఎక్స్. నడుమ ఏ1, ఏ2, ఏ22. ఏ2 ఏమన్న ఏ22కు చుట్టమా అంటే అదీ కాదు. ఇక్కడి నుంచి అక్కడికి దుంకు అంటది, అక్కడికి పోతే మల్ల ఇక్కడికి దుంకు అంటది. ఏ ముక్క ఎందుకున్నదో ఒక్క మాట గూడ లేదు. ఆమె పెన్సిల్‌తో బాణాలు గీసుకుంట పోయింది. బాణాలు బాణాలను దాటి, కాయితం మీద ముండ్లకంప మొలిచినట్టయింది.

"ఇది రాసుడా సుధాకర్, పగ తీర్చుకునుడా?" అన్నది.

సుధాకర్ నవ్విండు. "కష్టమైన పని మేడం, కష్టంగనే ఉంటది."

ఆ మాట విన్న ఏసుదాసు మల్ల తల ఊపిండు. ఏందో రాసుకున్నడు గూడ.

పొద్దుమూకి రైల్ల కూసుంటే ఆమె కండ్ల ముంగట బాణాలే. రుక్మాపూర్ దాటింది, ధారూర్ దాటింది, ఒళ్ల పెట్టుకున్న కాయితం మీది నుంచి తల ఎత్తలేదు. ఇంటికి పోయేసరికి అమ్మ జహీరాబీ గుమ్మంల బొంత కుడుతున్నది. బిడ్డ మొఖం చూసి సూది ఆపింది.

"క్యా హువా? రంగు దిగిపోయింది నీకు."

"ఏం లేదమ్మీ. పరీక్ష పెట్టిండ్రు. ఇద్దర్ల ఒకరినే ఉంచుకుంటరంట."

జహీరాబీకి ఊపిరి తీసుకునుడే ఒక పని. ఛాతి పట్టుకొని నవ్వింది. "అరె, గంతేనా! నా బిడ్డను కాదని ఎవల్ని ఉంచుకుంటరు? ఆడపిల్లను మిషన్ ముంగట కూసోపెడతవా అని మీ నాయన వైపోళ్లు ఎన్ని మాటలన్నరు. నేను ఇన్ననా? పని వచ్చిన మనిషిని ఎవడు వదులుకోడు అన్న. జా, ముఖం కడుక్కో. జొన్నరొట్టె, పుంటికూర చేసిన."

ఇంట్ల పొయ్యి ఎలుగుతున్నది ఆ కొలువు మీదనే. అది సరే. కొలువు పోతే ఇంకోటి వెతకచ్చు. గని పని రాదని పంపిండ్రు అంటే ఈ ముసలామెకు ఏం మొఖం చూపియ్యాలె? రొట్టె తుంచుకుంట అష్రఫ్‌కు అదే ఫికరు.

తెల్లారి బుధవారం. గేటు కాడ ఈరయ్య పొయ్యి ముట్టియ్యలేదు, స్టీరింగు మీద తల వాల్చి కూసున్నడు. కాయితంల ఆయన లారీ మల్ల అట్టడుగులనే ఉన్నది. అష్రఫ్ నిలవడి ఆ కాయితం పైనుంచి కిందికి చదివింది. అడుగున ఉన్న నాలుగైదు లారీలన్ని పాతయే. ఆమె లారీ ముంగటికి పోయి నంబరు పలక చూసింది. నాలుగు వందల ఎనభై రెండు. మూడే అంకెలు.

ఆ నంబరును నోట్ల అనుకుంటనే పోయి నేల మీద కూసున్నది. ఇయ్యాల మొత్తం ప్రోగ్రాంను కాదు, ఒక్క ఈరయ్య లారీని పట్టుకొని నడిచింది. శనివారం గేటు కాడికి వచ్చిండు. చీటీ రాసిండ్రు. నంబరుకు నాలుగు గదులు ఉన్నయి, మూడంకెలు పోను ముంగటి గది ఖాళీ. రాత్రి మిషన్ ఆ చీటీని దాచిపెట్టింది. తెల్లారి, నిన్నటి చీటీ ఉన్నదా అని వెతకాలె. వెతికే ముక్క కాడికి ఆమె బువ్వ యాళ్లకు చేరింది. అక్కడ సుధాకర్ ఏం చేసిండంటే, ఖాళీ గది ఉంటే అండ్ల సున్నా పెట్టుమన్నడు. దాచిన చీటీల ఖాళీ, వెతికే నంబర్ల సున్నా. రెండు కలువవు. కలువకుంటే మిషన్ ఏమనుకుంటది? ఈ లారీ ఇయ్యాలనే వచ్చింది అనుకుంటది. తీస్కపోయి అడుగున పడేస్తది. లారీలు తక్కువ ఉన్న దినం అన్నీ లోపలికి పోతయి కాబట్టి ఎవరికీ తెలువలేదు. లైను పొడుగైన దినాలల్ల మూడంకెల లారీ ప్రతి తెల్లారి కొత్త లారే.

అష్రఫ్ పెన్సిల్ కింద పెట్టింది. దొరికిందన్న సంతోషం ఒక దిక్కు, ఏడుపు ఇంకో దిక్కు. పాపం బిచ్చయ్య! ఎంత మంది ఎన్ని మాటలన్నరు ఆ మనిషిని.

సుధాకర్‌ను బయటికి పిలిచింది. చెప్పులు ఇడిచే వరండాల నిలవడి అంతా చెప్పింది. సగంల ఉండంగనే ఆయన మొఖం తెల్లగైంది.

"మేడం, గీ మాట ఏసుదాసు సారు ముంగట అనకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"నా కాళ్లెందుకు? ఆ మనిషి గేటు కాడ ఎండుతున్నడు. పో, నువ్వే సరిచెయ్. నేనెవరికీ చెప్ప."

సుధాకర్ నేల చూసిండు. "యాడ సరిచెయ్యాల్నో నాకు తెల్వది."

"నువ్వు రాసిందే గద?"

"రాసిన. తప్పు వచ్చిన కాడల్లా ఒక అతుకు ఏసిన మేడం. అతుకు మీద అతుకు. ఇప్పుడు ఏది గుడ్డనో ఏది అతుకో నాకే తెల్వది. అది నడిచినన్ని దినాలు దాని దిక్కు చూడనే చూడ."

అష్రఫ్‌కు కోపం రావాలె. వచ్చింది గూడ. గని ఆ పోరడు అంత ఉన్నదున్నట్టు చెప్తుంటే ఏమంటది? "సరే తీ, నేనే చూస్త," అన్నది.

ఇగ ఆమె చేసిన బుద్ధితక్కువ పని ఏందంటే అదే. అడిగిన మార్పు అడిగినట్టు చేసి చేతులు దులుపుకుంటే అయిపోయేది. సొంత లారీలకు వేరే వరుస కట్టుడు ఇప్పుడు ఆమెకు పెద్ద పని కాదు, ఆ కంప అంతా తిరిగి వచ్చింది గద. గని కాళ్లిరిగిన మంచం మీద కొత్త పరుపు ఎట్ల ఏస్తరు? ముందు ఈరయ్య లారీ, తర్వాత పరీక్ష అనుకున్నది. గురువారం పొద్దున మిషన్ ముంగట కూసొని సున్నాను తీసేసింది. తీసేస్తే ఇంకో అతుకు ఊడింది, నాలుగంకెల లారీలు ఆగమైనయి. దాన్ని కుట్టింది. ఇంకోటి ఊడింది. దాన్ని గూడ కుట్టి, మంగళవారం చీటీలు, బుధవారం చీటీలు మల్ల ఎక్కించి చూసింది. ప్రింటరు గరగరమని కాయితం కక్కింది. నాలుగు వందల ఎనభై రెండు అందరికంటె పైన. ఆమెకు చప్పట్లు కొట్టాలనిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే ఏసుదాసు గడియారం చూసుకుంటున్నడు.

"మీకిచ్చిన మార్పు ఏదండి?"

"అది కాలేదు సార్. సగం రాసిన. దానికంటే ముందు ఇండ్ల ఒక తప్పు దొరికింది..." అని ఆమె మొదలుపెట్టింది. కాయితం చూపెట్టింది, ఖాళీ గది, సున్నా, ఈరయ్య, అన్ని చెప్పింది. తొందరల మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డయి.

ఏసుదాసు చెడ్డోడు కాదు. చివరి దాక ఇన్నడు. ఇని, సుధాకర్ దిక్కు తిరిగిండు. "ఏమండీ, ఇది తప్పేనా?"

సుధాకర్ తన కాళ్ల దిక్కు చూసుకున్నడు.

"తప్పు కాదు సార్," అన్నడు. "పాత లారీలు లోపల చెడిపోయి ఆగుతున్నయని, వాటిని ఎనకకు ఎయ్యమని అడిగిండ్రు. అందుకే అట్ల పెట్టిన."

అష్రఫ్ గిర్రున సుధాకర్ దిక్కు తిరిగింది. అరె, నిన్న వరండాల నిలవడి ఏం చెప్పినవురా నాకు? ఆ మాట అనబోయి ఆగింది. ఎవరికీ చెప్ప అన్న మాట ఇప్పటికే సగం తప్పింది, మిగిలిన సగమన్న నిలుపుకోవాలె అనుకున్నది.

"చూశారా," అన్నడు ఏసుదాసు. మందలిస్తున్నట్టు గూడ లేదు, జాలి పడుతున్నట్టు ఉన్నది. "కావాలని పెట్టిన దాన్ని మీరు తప్పనుకున్నారు. అంటే ప్రోగ్రాం మీకు అర్థం కాలేదన్నమాట. మీ ప్రోగ్రాం ఆయన ఒక పూటలో పట్టుకున్నారు. ఆయనది మీరు మూడో రోజుకీ పట్టుకోలేదు. నేను మనుషుల్ని చూసి రాయను, పని చూసి రాస్తాను."

"సార్, నాది ఆయనకు ఎందుకు జల్ది అర్థమైంది? నేను అర్థమయ్యేటట్టు రాసిన కాబట్టి. ఆయనది నాకు ఎందుకు..."

"ఏనమ్మా," అని శంకరప్ప అడ్డమొచ్చిండు. ఆయన చేతుల ఆమె ప్రోగ్రాం కాయితం ఉన్నది. "కోపం చేసుకోకు. నేను పొద్దున కూసొని నీది మొత్తం చదివిన. నేను! ఆ మిషన్ మీద చెయ్యి గూడ పెట్టనోన్ని. తేమ తీసెయ్ అంటవు, మట్టి చూడు అంటవు. నాకే అర్థమైపోయింది. ఇంతేనా! ఇండ్ల ఏం పెద్ద విద్య ఉన్నది? సుధాకర్‌ది చూసిన. ఒక్క లైను అర్థమైతే ఒట్టు. అది గద పని అంటే."

అష్రఫ్ నేల మీది బారెడు కాయితాన్ని మడత మీద మడత పెట్టింది.

శనివారం దాక ఉండి, చెయ్యాల్సినవన్ని సుధాకర్‌కు అప్పజెప్పి పొమ్మన్నరు. ఆమె సరిచేసింది తీసేసి పాతదాన్నే ఎక్కించుమన్నరు. ఏసుదాసు పోయేటప్పుడు బూట్లు వేసుకుంట, "టైపింగు బాగుంది మీది, ఆఫీసు పనులకు ప్రయత్నించండి," అన్నడు. మంచి మాట చెప్పిన అనే అనుకున్నడు పాపం.

ఇంటికి పోయి అమ్మకు చెప్పలేదు. పరీక్ష ఏమైంది అంటే, ఇంకా తేలలేదు అన్నది. జహీరాబీ కొత్త బొంతకు ఏ రంగు అంచు వేయాల్నో అడిగింది. పచ్చది వెయ్ అమ్మీ అన్నది. పక్కకు ఒరిగి గోడ దిక్కు మొఖం పెట్టుకొని, చప్పుడు రాకుంట ఏడ్చింది.

శుక్రవారం పొద్దున గేటు కాడ ఈరయ్య లేడు. లారీ ఉన్నది. ఎక్కడికి పోయిండని అడిగితే, సేటుకు ఫోన్ చేస్తానికి తాండూరు పోయిండన్నరు. సేటు ఇయ్యాల్నో రేపో వేరే మనిషిని తాళం చెవి కోసం పంపుతడంట. అష్రఫ్ వరండాల చెప్పులు ఇడుస్తుంటే సుధాకర్ అక్కడనే నిలవడి ఉన్నడు. కండ్లు ఉబ్బినయి.

"నాతోని మాట్లాడకు," అన్నది.

"తిట్టుండ్రి మేడం. కొట్టుండ్రి. నాకు నిద్రలేదు."

"నీకు నిద్రలేదా? ఆ ముసలాయన రోడ్డు మీద పడుకుంటున్నడు. నా తల్లికి ఇంకా తెల్వది. నీకు నిద్రలేదు! అంత అబద్ధం ఎట్ల వచ్చిందిరా నోటికి?"

"భయానికి వచ్చింది." సుధాకర్ ఏడుస్తనే ఉన్నడు. "మా నాయిన నాపరాయి గనిల రాయి కొట్టి కొట్టి ఛాతిల దుమ్ము నింపుకొని మంచం పట్టిండు. మా ఇంట్ల నీడ పట్టున కూసొని చేసే పని నేనే మొదలు. పని రాదని నన్ను పంపితే ఆ మనిషి ఆ పొద్దే పోతడు. మేడం, మీరు పెట్టిన సవరణ మల్ల పెట్టుండ్రి. నాకు రాదు. పెట్టి పోండ్రి, మీకు పుణ్యముంటది."

"పెట్టి, ఏం చేసిన్నో మాట రాసి పోత. రేపు ఎవరు చదివినా తెల్వాలె."

సుధాకర్ రెండు చేతులు పట్టుకున్నడు. "రాయకుండ్రి. అదొక్కటే వద్దు. మీ సంగతి చూసిన గద నేను. అర్థమయ్యేటట్టు రాసిండ్రు, అందరికి అర్థమైంది, ఇంతేనా అన్నరు, పొమ్మన్నరు. నాది గూడ అందరికి అర్థమైతే నన్నెందుకు ఉంచుకుంటరు?"

ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. వాని చేతులు ఇదిలిచ్చుకొని లోపలికి పోయి తెర ముంగట కూసున్నది. రాస్త, తప్పక రాస్త అనుకున్నది. ప్రతి ఎక్స్‌కు పేరు పెడత, ప్రతి అతుకు మీద ఇది అతుకు అని రాస్త. శంకరప్ప పొద్దున టీ తాక్కుంట చదివి ఇంతేనా అనాలె. అప్పుడు తెలుస్తది ఈనికి.

సవరణ పెట్టుడు అయింది. ఈసారి ఏ అతుకు ఊడుతదో ఆమెకు తెలుసు, జల్దే అయింది. ఇగ మాట రాసుడే మిగిలింది. 'మూడంకెల లారీని మర్చిపోవద్దు' అని కొట్టింది. తెర మీద ఆ ముక్క కనబడ్డది. అద్దం తలుపు అవుతల సుధాకర్ గోడకు ఆనుకొని కూసున్నడు, చిన్నపిల్లగాని లెక్క మోకాళ్ల నడుమ తల పెట్టుకొని. ఆమె చానసేపు చూసింది. ఒక ఇంట్ల పొయ్యి ఆరింది చాలదా, రెండో ఇంటిది గూడ నా చేతులతోనే ఆర్పాల్నా అనిపించింది.

ఒక్కొక్క అక్షరం ఎనక్కి చెరుపుకుంట వచ్చింది. కొలువుల చేరినప్పటి నుంచి మాట రాయకుంట ఏ ముక్కనూ ఇడవని మనిషి. ఆ సవరణకు పేరు గూడ పెట్టలేదు. ఎక్స్ ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని పెట్టి లేచింది.

శనివారం అతికించిన కాయితంల ఈరయ్య లారీ అందరికంటె పైన ఉన్నది. సేటు పంపిన మనిషి రాకముందే మైకుల పిలిచిండ్రు. అష్రఫ్ కిటికీల నుంచి చూసింది, ఆ ముసలి బండి దగ్గుకుంట లోపలికి పోవుడు. ఆ దినమంతా తన రాయి, తన మట్టి సుధాకర్‌కు అప్పజెప్పింది. ఎక్కువ చెప్పాల్సింది ఏమున్నది, అన్ని రాసే ఉన్నయి. శంకరప్ప చెయ్యెత్తి, "మంచిదమ్మా," అన్నడు.

ఫ్యాక్టరీ బస్సు కోసం రోడ్డు మీద నిలవడితే లారీ వచ్చి ఆగింది. సిమెంటు బస్తాల మీద తాటిపత్రి కప్పి, తాడు బిగించి ఉన్నది. ఈరయ్య మొఖం నిండ సిమెంటు దుమ్ము, దాని నడుమ నవ్వే పండ్లు.

"ఎక్కు బిడ్డా, స్టేషన్ కాడ దింపుత!"

ఎక్కింది. టిఫిన్ డబ్బా ఒళ్ల పెట్టుకున్నది. ఈరయ్య ఆపకుంట మాట్లాడుతనే ఉన్నడు. సేటు తాళం చెవి అడుగుడు బందు పెట్టిండంట. బిచ్చయ్యకు పోయి దండం పెట్టి వచ్చిండంట, మాఫ్ చెయ్యుమని.

"అంతా సుధాకర్ సారు దయ బిడ్డా. మిషన్‌ల ఏందో కరాబు ఉండెనంట, ఆ సారు సరిచేసిండంట. పోయి కాళ్లు మొక్కబోతే వద్దు వద్దని ఎనక్కి ఉరికిండు. ఎంత మంచోడు! ఎంత చదువుకున్నా గర్వం లేదు."

"అవు కాకా," అన్నది అష్రఫ్.

కొంచెం దూరం పోయినంక ఈరయ్య గొంతు తగ్గించిండు. రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుంట, మనసు నొప్పియ్యద్దని జాగ్రత్తగ అన్నడు. "నీ సంగతి గూడ గేటు కాడ అనుకుంటుంటే ఇన్న. పని రాదని తీసేసిండ్రంట గద. ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా. పుట్టంగనే ఎవరికొస్తది పని? నాకు మొదట గేరు మార్చుడు రాకుండె, క్లీనరు తిట్టేది. నువ్వు చిన్నదానివి. సుధాకర్ సారు దగ్గర కూసొని జర నేర్చుకుంటే అదే వస్తది. నేను చెప్పమంటే చెప్త ఆ సారుకు. నా మాట ఇంటడు."

అష్రఫ్ కిటికీ దిక్కు తిరిగింది. గాలికి చున్నీ మొఖం మీద పడితే తియ్యలేదు, అట్లనే ఉంచుకున్నది. స్టేషన్ కాడ డబ్బా పట్టుకొని దిగింది.

"నేర్చుకుంట కాకా," అన్నది.